న్యాయస్థానంలో చూపు ఎవరిది? మూడు అమెరికన్ నవలల్లో జాతి, విచారణ, శిక్ష

1. ప్రవేశిక

న్యాయం జరిగితే చాలదు, జరిగినట్లు కనిపించాలి కూడా అనే సూత్రం న్యాయశాస్త్రంలోనే కాక సామాన్య వ్యవహారంలోనూ లోకోక్తిలా స్థిరపడింది. 1923లో ఇంగ్లండులో ససెక్స్ మేజిస్ట్రేట్ల కేసులో లార్డ్ హీవర్ట్ ఇచ్చిన తీర్పు దీనికి మూలం. ఒక మోటారు ప్రమాదం కేసులో మేజిస్ట్రేట్లు తమలో తాము ఆలోచించుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లినప్పుడు వారి వెంట వెళ్లిన గుమాస్తా, నిందితుడికి ఎదుటిపక్షం తరఫున నష్టపరిహారం వ్యవహారం నడుపుతున్న న్యాయవాద సంస్థకు చెందినవాడు. అతడు లోపల పెదవి విప్పలేదు. అయినా శిక్ష రద్దయింది. పక్షపాతం జరిగిందని నిరూపించనక్కరలేదు, జరిగిందన్న సందేహానికి తావుంటే చాలునని ఆ తీర్పు సారాంశం. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1954లో ఆఫట్ కేసులో ఇదే భావాన్ని అంగీకరించింది.

అయితే ఈ సూత్రం ఒక ప్రశ్నను దాటవేస్తుంది. ‘కనిపించు’ అనే క్రియ తెలుగులో ‘కి’, ‘కు’ ప్రత్యయాలతో కూడిన పదాన్ని కోరుతుంది. ఎవరికి కనిపించాలి? న్యాయపీఠం మీద కూర్చున్నవారికా, బోనులో నిలబడినవారికా, ప్రేక్షకుల వరుసలో ఉన్నవారికా, న్యాయస్థానంలో అడుగుపెట్టడానికే ఇష్టపడనివారికా? అమెరికాలో నేరన్యాయవ్యవస్థ జాతుల పట్ల సమదృష్టితో వ్యవహరిస్తున్నదా అన్న ప్రశ్నకు తెల్లవారి సమాధానమూ నల్లవారి సమాధానమూ దశాబ్దాలుగా వేరువేరుగానే ఉన్నాయి. 1995లో ఓ.జె. సింప్సన్ కేసు తీర్పును ఆ రెండు సమాజాలు స్వీకరించిన తీరు ఈ అంతరాన్ని ప్రపంచానికి చూపింది. ఈ భేదాన్ని మనోభావాల భేదంగా కొట్టివేయడం సులభం. రిచర్డ్ రైట్ ‘నేటివ్ సన్’ (1940), హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960), ఎర్నెస్ట్ జె. గెయిన్స్ ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’ (1993) నవలలను కలిపి చదివినప్పుడు అది భావభేదం కాదనీ, జ్ఞానభేదమనీ తేలుతుంది. నల్లవారికి కనిపించే అన్యాయం ఒక కేసులోని పొరపాటు కాదు, అనేక కేసులను కలిపే సరళి. ఆ సరళిని ఒక్క కేసు కథలో చూపడం నవలకు సాధ్యమే. కానీ అది కథకుడిని ఎక్కడ కూర్చోబెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ ప్రతిపాదనను నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

పరిభాష గురించి ఒక వివరణ అవసరం. చర్మవర్ణాన్ని బట్టి మనుషులను విభజించే భావనకు తెలుగులో ‘జాతి’, ‘వర్ణం’ అనే రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. ‘వర్ణం’ అనగానే చాతుర్వర్ణ్యం స్ఫురిస్తుంది కనుక ఇక్కడ ‘జాతి’ అన్న పదమే గ్రహించబడింది. అలాగే ‘తీర్పు’ అనే తెలుగు మాట దోషనిర్ధారణకూ శిక్షానిర్ణయానికీ సమానంగా వర్తిస్తుంది. అమెరికన్ విధానంలో ఇవి రెండు వేర్వేరు దశలు. ఈ నవలల విశ్లేషణలో ఆ తేడా కీలకం కాబట్టి రెండింటినీ వేర్వేరు మాటలతోనే సూచించడం జరిగింది.

2. సరళిని నిరాకరించిన తీర్పు

న్యాయస్థానం దేనిని చూడగలదో, దేనిని చూడలేదో తెలియజేసే ప్రామాణిక సందర్భం 1987 నాటి మెక్లెస్కీ కేసు. 1978లో అట్లాంటాలో ఒక దోపిడీ సందర్భంగా తెల్లజాతి పోలీసు అధికారిని చంపిన నేరానికి వారెన్ మెక్లెస్కీ అనే నల్లజాతి వ్యక్తికి జార్జియా రాష్ట్రంలో మరణశిక్ష పడింది. అతని తరఫున సుప్రీంకోర్టు ముందుంచిన ప్రధాన ఆధారం డేవిడ్ బాల్డస్, ఆయన సహపరిశోధకులు చేసిన అధ్యయనం. 1970వ దశకంలో ఆ రాష్ట్రంలో జరిగిన 2,000కు పైగా హత్యకేసులను వారు పరిశీలించారు. హతులు తెల్లవారైన కేసుల్లో 11 శాతం, నల్లవారైన కేసుల్లో 1 శాతం మరణశిక్షతో ముగిశాయి. జాతితో సంబంధం లేని 39 అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, తెల్లవారిని చంపినవారికి మరణశిక్ష పడే అవకాశాల నిష్పత్తి 4.3 రెట్లు ఎక్కువగా తేలింది.

సుప్రీంకోర్టు ఈ అధ్యయనం సరైనదేనని అనుకుని చూసినా అది చాలదని 5–4 మెజారిటీతో నిర్ణయించింది. మెక్లెస్కీ తన కేసులోనే, తన విషయంలోనే నిర్ణేతలు వివక్షా సంకల్పంతో వ్యవహరించారని నిరూపించాలని జస్టిస్ పావెల్ రాశారు. ఈ వాదనను అంగీకరిస్తే నేరన్యాయవ్యవస్థ మొత్తం ప్రశ్నార్థకమవుతుందన్న ఆందోళన కూడా ఆ తీర్పులో ఉంది. జస్టిస్ బ్రెనన్ భిన్నాభిప్రాయం ఒక కథలా మొదలవుతుంది. జ్యూరీ తనకు మరణశిక్ష విధిస్తుందా అని మెక్లెస్కీ తన న్యాయవాదిని అడిగి ఉంటాడనీ, నిజాయితీ గల న్యాయవాది ఎవరైనా హతుని జాతి ప్రస్తావన లేకుండా జవాబు చెప్పలేడనీ బ్రెనన్ వాదన. మెజారిటీ సంకల్పం కోసం వెతికింది, బ్రెనన్ నిందితుడి ప్రశ్న విన్నాడు. 1991లో మెక్లెస్కీకి మరణశిక్ష అమలైంది. పదవీవిరమణ అనంతరం, మార్చుకునే అవకాశమే ఉంటే ఈ కేసులో తన ఓటును మార్చుకునేవాడినని పావెల్ తన జీవితచరిత్రకారుడితో చెప్పాడు.

ఈ తీర్పు సాహిత్య విమర్శకు ఒక కొలబద్దను ఇస్తుంది. వివక్ష మనుషుల హృదయాల్లో ఉంటుందా, వ్యవస్థ నడకలో ఉంటుందా? మూడు నవలలూ ఈ ప్రశ్నకు మూడు చోట్ల నిలబడి జవాబు చెబుతాయి.

3. బాల్కనీ నుంచి చూపు: ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’

అలబామా రాష్ట్రంలో 1930వ దశకం ఈ నవలా కాలం. అదే రాష్ట్రంలో 1931లో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లపై అత్యాచారం ఆరోపణతో మొదలైన స్కాట్స్‌బరో కేసు, న్యాయవాది సహాయం పొందే హక్కు గురించీ (1932), జ్యూరీల నుంచి నల్లవారిని తప్పించడం గురించీ (1935) సుప్రీంకోర్టు తీర్పులకు దారితీసింది. నవలలో టామ్ రాబిన్‌సన్ మీద కూడా తెల్లజాతి యువతిపై అత్యాచారం ఆరోపణే. అతని ఎడమచేయి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో చిక్కి చచ్చుబడింది. మేయెల్లా ముఖం మీద గాయాలు కుడివైపున ఉన్నాయి, ఆమె తండ్రి ఎడమచేతి వాటం మనిషి. తర్కం పూర్తిగా నిందితుడి పక్షాన ఉంది. అయినా తెల్లవారితో నిండిన జ్యూరీ అతన్ని దోషిగా నిర్ధారిస్తుంది.

కథకురాలు స్కౌట్, ఆమె అన్న జెమ్ ఈ విచారణను నల్లవారికి కేటాయించిన బాల్కనీలో రెవరెండ్ సైక్స్ పక్కన కూర్చుని చూస్తారు. స్థానం నల్లవారిది, చూపు తెల్లజాతి పిల్లలది. ఈ నవలలోని బలమూ పరిమితీ రెండూ ఈ అమరికలోనే ఉన్నాయి. ఆటికస్ వాదన ముగియగానే గెలిచామని జెమ్ నమ్ముతాడు. అంత తొందర వద్దనీ, తెల్లవాడి మాటను కాదని నల్లవాడి పక్షాన తేల్చిన జ్యూరీని తానెన్నడూ చూడలేదనీ సైక్స్ అంటాడు. సైక్స్‌ది నిరాశ కాదు, జీవితకాలపు పరిశీలన. బాల్డస్ అంకెల్లో పెట్టిన జ్ఞానం లాంటిదే ఆయన నోట అనుభవవాక్యంగా వెలువడింది. కానీ నవల ఆ వాక్యం దగ్గర ఆగదు. జెమ్ నమ్మకం ఎలా విరిగిందన్నదే దానికి ప్రధాన విషయం. తీర్పు తరువాత ఏడ్చేది జెమ్. టామ్ ఏమనుకున్నాడో పాఠకుడికి తెలియదు.

తీర్పు వెలువడడానికి జ్యూరీ గంటల సమయం తీసుకున్నదనీ, అదొక చిన్న ముందడుగనీ మిస్ మాడీ పిల్లలను ఓదారుస్తుంది. జ్యూరీలో ఒకరు మొదట విడుదల వైపే మొగ్గారని ఆటికస్ చెబుతాడు. ఆశకు ఆధారం తెల్లవారి మనస్సాక్షిలో ఉంది. అప్పీలు కోసం ఎదురుచూడకుండా జైలు కంచె దాటబోయి టామ్ కాల్పుల్లో మరణిస్తాడు. తెల్లవారు ఇచ్చే అవకాశాలతో విసిగి తన అవకాశం తానే చూసుకున్నాడేమోనని ఆటికస్ వ్యాఖ్యానిస్తాడు. టామ్ గ్రహింపు గురించి నవల చెప్పేది ఇంతే, అదీ మరొకరి ఊహగా.

ఈ నవలకు న్యాయం చేయాలంటే ఇంకొక మాట చెప్పాలి. పట్టణ పత్రికా సంపాదకుడి వ్యాసం చదివిన స్కౌట్, మేయెల్లా నోరు తెరిచి అరిచిన క్షణంలోనే టామ్ కథ ముగిసిందని తెలుసుకుంటుంది. విచారణ కేవలం లాంఛనమని నవలకు తెలుసు. అయితే ఆ అన్యాయానికి స్థానం మనుషుల అంతరంగం. దోషం హృదయాలదైతే, హృదయాలు మారితే న్యాయస్థానం బాగుపడుతుంది. ఈ నైతిక విశ్వాసమే నవలను లక్షలమందికి ప్రియతమం చేసింది. మెక్లెస్కీ తీర్పులోని మెజారిటీ కూడా వివక్షను హృదయాల్లోనే, సంకల్పంలోనే వెతికిందని గుర్తుంచుకుంటే ఆ విశ్వాసపు పరిమితి తెలుస్తుంది.

4. బోను నుంచి చూపు: ‘నేటివ్ సన్’

రైట్ ఈ సౌకర్యాన్ని పాఠకుడికి ఇవ్వడు. చికాగో దక్షిణభాగంలో ఒకే గదిలో తల్లి, తమ్ముడు, చెల్లెలితో బతికే ఇరవయ్యేళ్ల బిగ్గర్ థామస్ నిర్దోషి కాడు. పనికి కుదిరిన డాల్టన్ ఇంట్లో, మేరీ డాల్టన్ గదిలో తాను దొరికిపోతానన్న భయంతో ఆమె అరవకుండా దిండు అదిమి ఊపిరాడకుండా చేస్తాడు. శవాన్ని కొలిమిలో కాల్చివేస్తాడు. తరువాత తన స్నేహితురాలు బెస్సీని అత్యాచారం చేసి చంపుతాడు. 1938లో చికాగోలో రాబర్ట్ నిక్సన్ కేసును పత్రికలు వర్ణించిన తీరును రైట్ ఈ నవలకు వాడుకున్నాడు. నిక్సన్‌కు 1939లో మరణశిక్ష అమలైంది.

నిందితుడు దోషి కావడం ఈ చర్చలో నిర్ణాయకమైన అంశం. నిర్దోషికి శిక్ష పడిన కథలో పాఠకుడి ఆగ్రహం దోషనిర్ధారణ మీద కేంద్రీకృతమవుతుంది. శిక్షలోని సమత్వాన్ని పరీక్షించాలంటే దోషి కావాలి. మెక్లెస్కీ వాదన కూడా మరణశిక్షలో జాతికి ఉన్న పాత్ర గురించే. రైట్ నవలలో న్యాయవాది మాక్స్ నేరాన్ని అంగీకరింపజేసి, జ్యూరీ లేకుండా న్యాయమూర్తి ముందు యావజ్జీవం కోసం వాదించడంతో ప్రశ్న పూర్తిగా శిక్షకు పరిమితమవుతుంది.

అన్యాయం ఎక్కడుందో రైట్ చూపే చోటు హృదయం కాదు, నగరం. డాల్టన్ దుర్మార్గుడు కాడు, నల్లవారి విద్యకు విరాళాలిచ్చే దాత. కరోనర్ విచారణలో మాక్స్ అతన్ని ప్రశ్నించినప్పుడు, బిగ్గర్ కుటుంబం ఉండే గది డాల్టన్ సంస్థదేననీ, నల్లవారికి నగరంలోని ఒక ప్రాంతంలో తప్ప ఇళ్లు అద్దెకివ్వరనీ, అక్కడి అద్దెలు ఎక్కువనీ బయటపడుతుంది. అదంతా ఆచారమని డాల్టన్ జవాబు. సంకల్పం లేదు, సరళి ఉంది. ప్రాసిక్యూటర్ బక్లీ సరళిని తలకిందులుగా వాడుకుంటాడు. తేలని ఇతర నేరాలను కూడా బిగ్గర్ చేత ఒప్పించబోతాడు. నల్లవాడి వ్యక్తిత్వం అతని శిక్షకు అడ్డురాదు, నల్లవారందరి మీద ఉన్న అనుమానం మాత్రం అతని మీద పడుతుంది.

మాక్స్ సుదీర్ఘ వాదన ఈ నవల విషయంలో ఎడతెగని చర్చకు కారణమైంది. ‘నోట్స్ ఆఫ్ ఎ నేటివ్ సన్’ (1955)లో చేర్చిన వ్యాసాల్లో జేమ్స్ బాల్డ్విన్, బిగ్గర్ మనిషిగా కాక సామాజిక ప్రతీకగా మిగిలిపోయాడని ఆక్షేపించాడు. ఆక్షేపణలో బలముంది. అయితే అది రైట్‌కు కాక మాక్స్‌కు ఎక్కువగా వర్తిస్తుంది. ఏమైనా చెప్పుకుంటావా అని న్యాయమూర్తి అడిగినప్పుడు బిగ్గర్‌కు మాట రాదు. చివరి దృశ్యంలో జైలుగదిలో అతడు తన నేరానికి తానే అర్థం చెప్పుకోబోతే మాక్స్ భయపడి వెనకడుగు వేస్తాడు. తన కక్షిదారుడి తరఫున అంతసేపు మాట్లాడినవాడు అతని మాటను రెండు నిమిషాలు వినలేకపోయాడు. వాదన వైఫల్యం నవల వైఫల్యం కాదు, నవల చూపిన విషయం.

5. హాజరుకాని సాక్షి: ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’

గెయిన్స్ నవల 1940వ దశకం చివరినాటి లూసియానాలో సాగుతుంది. కథకుడు గ్రాంట్ విగ్గిన్స్ తోటల పల్లెలోని ఉపాధ్యాయుడు. తాను విచారణకు వెళ్లలేదనీ, ఫలితం ముందే తెలుసుననీ చెప్పడంతో నవల మొదలవుతుంది. సైక్స్ బాల్కనీలో చెప్పిన మాట ఇక్కడ నవలకు ప్రారంభబిందువు. పాఠకుడిని ఉత్కంఠలో ఉంచే విచారణ ఘట్టాన్ని గెయిన్స్ కొన్ని పుటల్లో ముగించివేస్తాడు. ఉత్కంఠ అనేది ఫలితం తెలియనివారికి దక్కే సౌకర్యం.

జెఫర్సన్ ఇరవై ఒక్కేళ్ల యువకుడు. ఇద్దరు పరిచయస్థులతో మద్యం దుకాణానికి వెళ్తాడు. వారికీ తెల్లజాతి యజమానికీ జరిగిన కాల్పుల్లో ముగ్గురూ చనిపోగా ఇతడు మిగులుతాడు. అతన్ని రక్షించడానికి న్యాయవాది ఎంచుకున్న మార్గం అతడు మనిషే కాడని చెప్పడం. ఇలాంటివాడిని విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టడం పందిని కూర్చోబెట్టడంతో సమానమని ఆయన వాదం. జ్యూరీ మరణశిక్షను తప్పించదు. న్యాయవాది మాట మాత్రం జెఫర్సన్‌లో నాటుకుపోతుంది. జైలులో అతడు నేలమీద వంగి నోటితో తింటాడు. జెఫర్సన్ మనిషిగా నడిచి చావును ఎదుర్కోవాలన్నదే అతన్ని పెంచిన మిస్ ఎమ్మా కోరిక. తీర్పు మీద అప్పీలు లేదు. అప్పీలు అతని మీద పడ్డ మాట మీద.

అన్యాయం ఉన్న చోటు ఇక్కడ క్యాలెండర్. శిక్ష అమలు తేదీని ఈస్టరు పండుగకు అడ్డురాకుండా, మరో మరణశిక్షకు మరీ దగ్గర పడకుండా నిర్ణయిస్తారు. ఎవరూ కేకలు వేయరు, ఎవరూ ద్వేషం ప్రకటించరు. ఒక మనిషి చనిపోయే రోజునూ గంటనూ కొందరు మర్యాదస్తులు సౌకర్యాన్ని బట్టి నిశ్చయిస్తారు. దాన్ని వింటూ గ్రాంట్ పడే వేదన నవలలోని అత్యంత తీక్ష్ణమైన విమర్శ. 1946లో లూసియానాలో విద్యుత్ కుర్చీ విఫలమై బతికిన విల్లీ ఫ్రాన్సిస్‌ను రెండోసారి కూర్చోబెట్టడం చెల్లుతుందని 1947లో సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. గెయిన్స్ రచనకు ఆ ఉదంతం ప్రేరణల్లో ఒకటి.

రైట్ నవలలో బిగ్గర్‌కు దొరకని మాట ఇక్కడ జెఫర్సన్‌కు దొరుకుతుంది. గ్రాంట్ ఇచ్చిన నోటుపుస్తకంలో, అక్షరదోషాలతో, విరామచిహ్నాలు లేకుండా అతడు రాసుకున్న రాత ఒక అధ్యాయమంతా ఉంటుంది. న్యాయస్థానం రికార్డు చేయని వాంగ్మూలం అది. శిక్ష అమలును గ్రాంట్ చూడడు, పాఠకుడికీ నేరుగా చూపడు. ఆ గదిలో అందరికన్నా దృఢంగా నిలిచినవాడు జెఫర్సనేనని జైలు ఉద్యోగి పాల్ వచ్చి చెబుతాడు. తెల్లవాడు సాక్షిగా నల్లవాడి దగ్గరికి వచ్చి నివేదించుకోవడంతో చూపుల అమరిక తలకిందులవుతుంది.

6. ఎవరి మరణానికి విచారణ?

నిందితుల గురించిన చర్చలో సాధారణంగా మరుగున పడే విషయం హతుల జాతి. బాల్డస్ అధ్యయనంలో బలంగా తేలిన అంశం నిందితుడి జాతి కాదు, హతుని జాతి. మూడు నవలలూ ఈ విషయాన్ని అంకెలు లేకుండానే చూపాయి.

‘నేటివ్ సన్’లో బెస్సీ శవాన్ని కరోనర్ విచారణలోకి తీసుకువస్తారు. ఆమెకు న్యాయం చేయడానికి కాదు, మేరీ హత్యకు సాక్ష్యంగా. నల్లవాడు నల్లవారిని చంపితే తెల్లవారు పట్టించుకోరని బిగ్గర్‌కు ముందే తెలుసు. తాను చంపిన స్త్రీ శవానికి జరిగిన ఈ అవమానాన్ని హంతకుడే గుర్తించడం నవలలో అత్యంత కఠినమైన క్షణం. ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’లో దుకాణంలో చనిపోయినవారు ముగ్గురు. విచారణ ఒక్క తెల్లవాడి మరణానికే. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో టామ్ దేహంలో దిగిన తూటాలు పదిహేడు. ఆ మరణానికి విచారణే ఉండదు.

ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచినప్పుడు న్యాయం గురించిన నల్లవారి గ్రహింపులోని సారం స్పష్టపడుతుంది. మా వాళ్లకు ఎక్కువ శిక్ష పడుతుందన్నది అందులో ఒక సగమే. మా వాళ్లు చనిపోతే న్యాయస్థానం తలుపు తెరుచుకోదన్నది రెండో సగం. ఒక్క కేసు గోడల మధ్య సంకల్పాన్ని వెతికే న్యాయస్థానానికి ఈ రెండో సగం కనిపించే వీలు లేదు, ఎందుకంటే జరగని విచారణకు రికార్డు ఉండదు. జరగని విచారణను చూపగలది కథ.

7. ముగింపు

అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన ‘ఏడు తరాలు’ మొదలుకొని, ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యంతో తెలుగు పాఠకుల పరిచయం చాలావరకు బానిసత్వ చరిత్ర ద్వారా ఏర్పడింది. న్యాయస్థానాన్ని కేంద్రం చేసుకున్న నవలల పఠనంలో న్యాయవాది వాగ్ధాటికి పట్టం కట్టే అలవాటు బలంగా ఉంది. ఈ మూడు నవలల్లోనూ రక్షణవాదన ఏదో ఒక మేరకు నిందితుడి మాటను తొలగించి తన మాటను నిలుపుతుంది. ఆటికస్ వాదనలో టామ్ వినయశీలి, మాక్స్ వాదనలో బిగ్గర్ చారిత్రక పరిణామం, జెఫర్సన్ న్యాయవాది వాదనలో అతడు పశువు. ఉద్దేశాల్లో ఎంత తేడా ఉన్నా, ముగ్గురూ నిందితుడి చూపుకు చోటివ్వరు. కనుక ఇలాంటి నవలను తూచవలసింది వాదన ఎంత గొప్పగా సాగిందన్న దానితో కాదు, తీర్పు ఎవరి కళ్లకు ఎలా కనిపించిందో చూపిందా అన్న దానితో.

ఈ కొలబద్ద తెలుగు కథకూ పరాయిది కాదు. జాతి, కులం ఒకటి కావు. కానీ విధానం సక్రమంగా ఉండి ఫలితం అన్యాయమైనప్పుడు తలెత్తే ప్రశ్న ఒకటే. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ ఓపికగా, లెక్కప్రకారం జరుగుతుంది. పెద్ద అయిన శ్రీరాములునాయుడు వ్యక్తిగతంగా ధర్మపరుడా కాదా అని ఆలోచించే పాఠకుడు మెక్లెస్కీ తీర్పులోని మెజారిటీ అడిగిన ప్రశ్ననే అడుగుతున్నాడు. సీతారాముడు చేసిన ఘోరకృత్యం ఆ ప్రశ్నను పక్కకు నెట్టి, అప్పు తరాల మీదుగా సాగే తీరును సభ మధ్యన పడవేస్తుంది.

లీ నవల న్యాయస్థానం మీద నమ్మకం విరగడాన్ని చూపింది. రైట్, గెయిన్స్ నవలలు ఆ నమ్మకం మొదటినుంచీ లేనివారి జ్ఞానాన్ని చూపాయి. మొదటిది పాఠకుడి మనస్సాక్షిని కదిలిస్తుంది. రెండోది మరింత కష్టమైన పని కోరుతుంది: బోనులో ఉన్నవాడు దోషి అయినప్పుడు కూడా అతనికి పడిన శిక్ష న్యాయమైనదేనా అని అడగమంటుంది. న్యాయం కనిపించాలన్న సూత్రంలో లోపించిన ‘ఎవరికి’ అనే మాటకు జవాబు చెప్పవలసివస్తే, అది మొదట ఆ బోనులో ఉన్నవాడికీ, విచారణకు నోచుకోని బెస్సీ లాంటివారి తరఫు వారికీ కనిపించాలని ఈ నవలల నుంచి గ్రహించవచ్చు.